ఫుట్‌బాల్ అభిమానికి క్రికెట్ సరిపోతుందా?

ఫుట్‌బాల్ మీద మనసు విరిగిన అభిమాని కనిపిస్తే క్రికెట్ ప్రియులు ఊరుకోరు. "ఒకసారి మా ఆట చూడు" అంటారు. ఆ వెంటనే "టీ20తో మొదలుపెట్టు, మూడున్నర గంటల్లో అయిపోతుంది, బోర్ కొట్టదు" అని భరోసా ఇస్తారు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాట మాత్రం చాలామంది ఫుట్‌బాల్ అభిమానుల్ని క్రికెట్ గుమ్మం దగ్గరే ఆపేస్తోందని నా అనుమానం.

ఆ సలహా వెనక ఒక లెక్క ఉంది. ఫుట్‌బాల్ 90 నిమిషాల ఆట, టెస్ట్ మ్యాచ్ అయిదు రోజులు. కాబట్టి చిక్కంతా నిడివిలోనే ఉంది, దాన్ని కుదిస్తే మనిషి ఇటు వచ్చేస్తాడు అని. నిడివి అడ్డంకే, కాదనను. అయితే ఫుట్‌బాల్ చూసేవాళ్లకు నిడివి కన్నా లోతుగా పట్టుకున్న అలవాటు ఒకటుంది. గోల్ అరుదుగా పడటం.

2022 ప్రపంచకప్‌లో 64 మ్యాచ్‌లు జరిగితే పడిన గోల్స్ 172. రెండు జట్లవీ కలిపినా మ్యాచ్‌కు మూడు లేవు. గంటన్నర కూర్చున్నవాళ్లకు దక్కేది రెండో మూడో క్షణాలు. మిగతాదంతా 'ఇప్పుడు పడుతుందేమో' అన్న టెన్షన్. జనం డబ్బు పెట్టి కొనుక్కునేది ఆ టెన్షన్‌నే. గోల్స్ మరీ తగ్గితే అదీ నిలవదు. 1990లో ఇటలీలో జరిగిన ప్రపంచకప్‌లో సగటు 2.21కి పడిపోయింది. అంత తక్కువ ఏ ప్రపంచకప్‌లోనూ లేదు. ఆ తర్వాత 1992లో నిబంధన మార్చి, సహచరుడు కావాలని కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకుండా ఆపారు. 1994 ప్రపంచకప్ నుంచి గెలుపుకు రెండు పాయింట్ల బదులు మూడిచ్చారు. గోల్స్ కాస్త పెరగాలి, కానీ గోల్ విలువ మాత్రం తగ్గకూడదు. ఆ హద్దులోనే ఈ మార్పులన్నీ జరిగాయి.

ఇప్పుడు దీని పక్కన 2024 ఏప్రిల్‌లో కోల్‌కతా, పంజాబ్ జట్ల మధ్య జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌ను పెట్టి చూడండి. కోల్‌కతా 261 పరుగులు చేసింది. పంజాబ్ వాటిని 18.4 ఓవర్లలోనే దాటేసింది. ఆ ఒక్క మ్యాచ్‌లో 42 సిక్సర్లు. అందులో ఇరవయ్యో సిక్సర్ ఎవరు కొట్టారని అడిగితే వీరాభిమాని కూడా తడుముకుంటాడు. రెండు గోల్స్ కోసం గంటన్నర ఊపిరి బిగబట్టే మనిషిని తీసుకొచ్చి దీని ముందు కూర్చోబెట్టి, "చూశావా, ఎంత థ్రిల్లో!" అంటే అతనికి అర్థం కాకపోవడంలో వింతేముంది?

క్రికెట్‌లో గోల్‌కు సాటి వచ్చేది సిక్సర్ కాదు, వికెట్. ఒక్కసారి ఈ ముడి విడిపోతే ఆట మొత్తం వేరేలా కనిపిస్తుంది. పరుగులంటారా, అవి ఫుట్‌బాల్‌లో బంతిని మన దగ్గర ఉంచుకుంటూ మైదానాన్ని ఆక్రమించడం లాంటివి. పోగుపడతాయి, ఒత్తిడి పెంచుతాయి, కానీ ఏ ఒక్క పరుగూ దానంతటదే కథ మార్చదు. వికెట్ అలా కాదు. ఔటైన బ్యాటర్‌కు ఆ ఇన్నింగ్స్‌లో ఇంకో అవకాశం లేదు. టెస్ట్ మ్యాచ్ మొత్తం మీద పడగలిగే వికెట్లు 40. రోజుకు 90 ఓవర్లు, అంటే 540 బంతులు. వాటిలో ఏ బంతికైనా వికెట్ పడొచ్చు, ఎక్కువ బంతులకు పడదు. ఫుట్‌బాల్ అభిమానికి ఈ లెక్క కొత్తగా నేర్పనక్కర్లేదు.

టీ20లో కూడా పది వికెట్లే కదా అనొచ్చు. నిజమే, కానీ 120 బంతుల కోసం పది వికెట్లు చేతిలో ఉంటే వాటిని ఖర్చుపెట్టడానికి ఎవరూ జంకరు. ఒకరు పోతే ఇంకొకరు వచ్చి మళ్లీ బాదుతారు. వికెట్‌కు భయపడాల్సిన అవసరం తగ్గిన చోట వికెట్ పడినప్పటి దడ కూడా తగ్గుతుంది.

ఈ మాట నమ్మకం కుదరని ఫుట్‌బాల్ అభిమానికి నేను చూపించే మ్యాచ్ ఒకటుంది. 2019 ఆగస్టు 25, హెడింగ్లీ. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా జట్ల మధ్య యాషెస్ టెస్ట్. ఇంగ్లండ్ మొదటి ఇన్నింగ్స్‌లో 67 పరుగులకే కుప్పకూలింది. గెలవాలంటే రెండో ఇన్నింగ్స్‌లో 359 చేయాలి. 286 దగ్గర తొమ్మిదో వికెట్ పోయింది. ఇంకా 73 కావాలి, మిగిలింది ఒకే వికెట్. ఒక పక్క బెన్ స్టోక్స్, ఇంకో పక్క జాక్ లీచ్ అనే స్పిన్నర్. ఆస్ట్రేలియాకు కావలసింది ఒక్క మంచి బంతి. స్టోక్స్ ఒకవైపు సిక్సర్లు కొడుతున్నాడు, ఓవర్ చివర్లో సింగిల్ తీసి మళ్లీ తనే బ్యాటింగ్‌కు వస్తున్నాడు. తప్పనిసరై లీచ్ ఆడాల్సిన బంతులు వచ్చినప్పుడు మైదానమంతా గప్‌చుప్. అతను తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకుని, వంగి, బంతిని ఆపేవాడు. అలా ఆడినవి 17 బంతులు, చేసింది ఒక్క పరుగు. రెండు పరుగులు కావలసినప్పుడు లీచ్‌ను రనౌట్ చేసే అవకాశం ఆస్ట్రేలియా స్పిన్నర్ లయన్ చేతిలోంచి జారిపోయింది. ఆ తర్వాతి బంతికే స్టోక్స్‌పై ఎల్బీడబ్ల్యూ అప్పీల్, అంపైర్ ఇవ్వలేదు. వీడియో చూసి నిర్ణయం సరిచూడమని రివ్యూ అడుగుదామంటే ఆస్ట్రేలియా ఉన్నది కాస్తా కాసేపటి క్రితమే వాడేసుకుంది. చివరికి ఇంగ్లండ్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. స్టోక్స్ 135 నాటౌట్.

2012 మే 13న మాంచెస్టర్ సిటీకి అగ్వెరో ఇంజురీ టైమ్‌లో, అంటే 90 నిమిషాలు దాటాక కలిపే సమయంలో, గోల్ కొట్టి టైటిల్ తెచ్చిన ఆ కొద్ది నిమిషాలు చూసినవాళ్లు జీవితాంతం చెప్పుకుంటారు. హెడింగ్లీలో ఆ ఇంజురీ టైమ్ సుమారు గంట సాగింది.

వికెట్ లెక్క అన్ని చోట్లా నిలబడుతుందని కూడా చెప్పలేను. 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియాతో టెస్ట్ నాలుగో రోజు లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా బ్యాటింగ్ చేశారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు. నా లెక్క ప్రకారం అది గోల్ లేని రోజు. కానీ ఫాలోఆన్ ఆడిన, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగాల్సివచ్చిన జట్టు మ్యాచ్‌ను తన వైపు లాక్కోవడం ఆ రోజే జరిగింది. పరుగులకు కూడా కథ మార్చే శక్తి ఉందని అలాంటి రోజులు గుర్తుచేస్తాయి. అలాగే వికెట్లు పెద్దగా పడని, ఏ కథా మారని చప్పటి టెస్టులూ బోలెడు. 1939లో డర్బన్‌లో ఫలితం తేలేదాకా ఆడదామని కాలపరిమితి లేకుండా మొదలుపెట్టిన టెస్ట్ పది రోజులు గడిచినా తేలలేదు. ఇంగ్లండ్ 696 పరుగుల లక్ష్యంలో 654 దగ్గర ఉండగా, ఓడ వెళ్లిపోతుందని ఆట వదిలేసి బయల్దేరారు. క్రికెట్ మీద జోకులు వేసేవాళ్లకు ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

అయినా సరే, డ్రా విషయంలో ఫుట్‌బాల్ అభిమాని మిగతా ఆటలవాళ్ల కన్నా రెండు మెట్లు పైనే ఉంటాడు. అయిదు రోజులాడి ఎవరూ గెలవకపోవడమేంటని చాలామంది నోరెళ్లబెడతారు. పది మందితో గోల్ ముందు గోడ కట్టి పాయింట్ సంపాదించిన జట్టును చూసి మురిసిన మనిషికి ఆ ప్రశ్నే రాదు. 2021 జనవరిలో సిడ్నీ టెస్ట్ చివరి రోజు హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులాడి 23 పరుగులు చేశాడు. నడుం నొప్పితోనే అశ్విన్ 128 బంతులు కాచుకున్నాడు. మ్యాచ్ డ్రా. 2009లో కార్డిఫ్‌లో ఇంగ్లండ్ చివరి జోడీ ఆండర్సన్, పనేసర్ 69 బంతులు నెట్టుకొచ్చి ఓటమి తప్పించారు. సిక్సర్లకే అలవాటుపడిన క్రికెట్ ప్రేక్షకుడి కన్నా, సున్నా-సున్నా మ్యాచ్‌లో అందం చూడగల ఫుట్‌బాల్ ప్రేక్షకుడికే ఇది త్వరగా ఎక్కుతుంది.

మరి కొత్తగా చూసేవాళ్లు మొదట చేసే ఫిర్యాదు ఏమిటి? "మధ్యలో ఏమీ జరగట్లేదు." బంతి పడ్డాక ఆట సాగేది కొన్ని సెకన్లే, ఆ తర్వాత బౌలర్ నడుచుకుంటూ వెనక్కి వెళ్లాలి, అది నిజం. ఫుట్‌బాల్‌లోనూ బంతి నిజంగా ఆడుతూ ఉండేది చాలా మ్యాచ్‌ల్లో గంటలోపే, కానీ ఆ గంట ఒకే ప్రవాహంలా అనిపిస్తుంది. అక్కడ ఎత్తుగడ కళ్ల ముందు కదులుతుంది. వింగ్ వైపు జరిగిన బంతి, దాని కోసం ఖాళీ చేసిన చోటు, ఆ చోటులోకి పరుగెత్తిన ఇంకొకడు. క్రికెట్‌లో ఎత్తుగడ బంతి ఆగి ఉన్నప్పుడు తయారవుతుంది. కెప్టెన్ వికెట్‌కీపర్ పక్కన రెండో స్లిప్ ఫీల్డర్‌ను పెడతాడు, ముందువైపు కవర్స్‌లో ఖాళీ వదులుతాడు. ఆ ఖాళీ చూసి బ్యాటర్ డ్రైవ్‌కు ఆశపడాలి, అంచుకు తగిలి స్లిప్‌కు వెళ్లాలి. వల పన్నడం చూడనివాళ్లకు ఆ నిమిషం వృథా. చూడటం మొదలుపెట్టినవాళ్లకు ఆ నిమిషం చాలదు. ఈ చూపు రావడానికి మాత్రం పక్కన చెప్పేవాళ్లు ఒకరుండాలి. ఫుట్‌బాల్‌కు ఆ అవసరం చాలా తక్కువ, అదే దాని బలం. ఆఫ్‌సైడ్ తప్ప మిగతా ఆట అయిదు నిమిషాల్లో అర్థమైపోతుంది.

అదృష్టం సంగతి వచ్చేసరికి టీ20కి న్యాయం చేయాలి. గోల్స్ తక్కువ కాబట్టి ఫుట్‌బాల్‌లో బలహీన జట్టుకు ఎప్పుడూ ఆశ ఉంటుంది. 2004 యూరోలో గ్రీస్ క్వార్టర్‌ఫైనల్, సెమీస్, ఫైనల్ మూడూ 1-0తో గెలిచి కప్పు పట్టుకుపోయింది. టెస్టుల్లో అయిదు రోజుల్లో ఎవరి సత్తా ఏంటో తేలిపోతుంది, చిన్న జట్టు ఒక రోజు నిలబడ్డా ఇంకో రోజు దొరికిపోతుంది. ఆట కుదించేకొద్దీ గాలివాటానికి చోటు పెరుగుతుంది. 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా, స్కోర్లు సమమయ్యాక ఆడే సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ను ఓడించింది. అదే రెండు జట్లు అయిదు రోజుల మ్యాచ్ ఆడి ఉంటే అమెరికాపై ఎవరు పందెం కాస్తారు? అండర్‌డాగ్ కోసమే ఆట చూసేవాళ్లయితే వాళ్లకు టీ20నే సరైన తలుపు.

టీవీలో చూస్తారా, స్టేడియంలోనా అన్నది కూడా తేల్చుకోవాలి. ఫుట్‌బాల్‌ను స్టేడియంలో చూస్తే టీవీలో దొరకనిది దొరుకుతుంది. బంతికి దూరంగా డిఫెండర్లు గీత కట్టి ఎలా జరుగుతున్నారో మైదానమంతా ఒకేసారి కంటికి ఆనుతుంది. దానికి తోడు పాటలు, అరుపులు. క్రికెట్‌లో సరిగ్గా తలకిందులు. బౌండరీ అవతల కూర్చున్నవాళ్లకు బంతి స్వింగయిందో స్పిన్నయిందో తెలియదు. బ్యాట్ అంచుకు తగిలిందా లేదా అన్నది పెద్ద స్క్రీన్ చెబితే తప్ప తెలియదు. టీవీ మాత్రం స్టంప్ మైక్, స్లో మోషన్, బంతి దారి చూపే గీతలతో ఆ 22 గజాల్ని ఇంట్లోకి తెచ్చి పెడుతుంది. ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు క్రికెట్టే మెరుగని నా తీర్పు. వారం వారం స్టేడియంకు వెళ్లి గొంతు పోయేలా అరిచేవాళ్లకు క్రికెట్ ఆ లోటు తీర్చలేదు.

ఫుట్‌బాల్ మీద విసుగుకు ఈమధ్య ఎక్కువమంది చెప్పే కారణం వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీ నిర్ణయాల్ని సరిచూసే పద్ధతి. 2018 ప్రపంచకప్‌తో అది పెద్ద వేదికకు ఎక్కింది. గోల్ పడగానే ఎగిరి గంతేయాల్సిన మనిషి ఇప్పుడు రిఫరీ చెవి మీద చెయ్యి పెట్టాడేమోనని చూస్తున్నాడు. మోకాలు ఆఫ్‌సైడ్ గీత దాటిందని నిమిషాల తర్వాత గోల్ రద్దయితే, అప్పటికే జరుపుకున్న సంబరం ఏమవ్వాలి? క్రికెట్‌లో రివ్యూ పద్ధతిని 2008లోనే శ్రీలంకలో భారత్ ఆడిన టెస్టుల్లో పరీక్షించారు. అక్కడా గొడవలు లేకపోలేదు, బంతి దారి అంచనా అటూఇటూగా ఉంటే మైదానంలోని అంపైర్ మాటే నిలిచే 'అంపైర్స్ కాల్' మీద వాదన ఇంకా ఆగలేదు. కానీ క్రికెట్ ఎలాగూ బంతి బంతికీ ఆగే ఆట, కాబట్టి ఆగి చూడటం దాని నడకకు అడ్డు రాదు. పైగా రివ్యూ అడగాల్సింది ఆటగాళ్లే. 15 సెకన్లలో అడగాలి, విఫలమైన రివ్యూల లెక్క దాటితే ఇక లేదు. హెడింగ్లీలో ఆస్ట్రేలియా పోగొట్టుకున్నది అదే. సాంకేతికత కూడా ఎత్తుగడలో భాగమైపోయింది. ఈ ఒక్క విషయంలో ఫుట్‌బాల్ నుంచి వచ్చేవాళ్లకు నిజంగా ఊరట దొరుకుతుంది.

ఒకదాని బదులు ఇంకొకటి అన్న ప్రశ్నే చరిత్రలో కాస్త కొత్తది. ఈ రెండు ఆటలూ ఒకే మైదానాల్ని ఋతువుల వారీగా పంచుకుంటూ పెరిగాయి. 1820లో పుట్టిన ఒక క్రికెట్ క్లబ్, చలికాలంలోనూ సభ్యులు చెదిరిపోకుండా 1867లో ఫుట్‌బాల్ మొదలుపెట్టింది. అదే నేటి షెఫీల్డ్ వెన్స్‌డే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్ తొలి ఫైనల్ 1872లో జరిగింది లండన్‌లోని ఓవల్ క్రికెట్ మైదానంలో. ఆ పోటీని ఆలోచించిన చార్లెస్ ఆల్కాకే 1880లో అక్కడ ఇంగ్లండ్ గడ్డ మీద తొలి టెస్టునూ ఏర్పాటు చేశాడు. ఇటలీలో జెనోవా క్లబ్ పేరులో 'క్రికెట్' ఇప్పటికీ ఉంది. డెనిస్ కాంప్టన్ వేసవిలో ఇంగ్లండ్‌కు సెంచరీలు, చలికాలంలో ఆర్సెనల్‌కు ఆట. ఎలీస్ పెర్రీ అయితే ఆస్ట్రేలియా తరఫున రెండు ఆటల ప్రపంచకప్‌లూ ఆడింది, 2011 ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో గోల్ కూడా కొట్టింది. రెండూ ఏడాదంతా సాగే వ్యాపారాలయ్యాకే అభిమాని ఒకదాన్ని ఎంచుకోవాల్సి వస్తోంది.

ఆట నచ్చడం ఒక ఎత్తయితే, జట్టు మనదవడం ఇంకో ఎత్తు. చాలామంది ఫుట్‌బాల్ అభిమానులు నిజానికి ప్రేమించేది ఒక క్లబ్‌ను. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో జట్టుకు ఏడాదికి 38 మ్యాచ్‌లు, ఆగస్టు నుంచి మే దాకా. చివరి మూడు జట్లు కింది డివిజన్‌కు దిగిపోతాయి. టైటిల్ ఆశ ఏనాడో పోయిన జట్టుకూ ఏప్రిల్‌లో బతుకుపోరాటం ఉంటుంది. క్రికెట్ లీగుల్లో ఇది దాదాపు లేదు. ఇంగ్లండ్ కౌంటీ చాంపియన్‌షిప్‌లో 2000 నుంచి రెండు డివిజన్లు, ఎక్కడం దిగడం ఉన్నాయి గానీ, ఎక్కువగా పనిదినాల్లో జరిగే ఆ మ్యాచ్‌లకు వచ్చే జనం తక్కువ. జనమున్న చోట, అంటే ఐపీఎల్‌లో, సీజన్ రెండు నెలలే. చివరి స్థానంలో ఉన్న జట్టుకు పోయేదేమీ లేదు, వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. ఎక్కువమంది ఆటగాళ్లను మళ్లీ అమ్మకానికి పెట్టే మెగా వేలం వస్తే జట్టు జట్టంతా చెల్లాచెదురు. 2025 సీజన్ ముందు ఒక్కో జట్టు గరిష్ఠంగా ఆరుగురినే అట్టిపెట్టుకోగలిగింది. మీరు పాట కట్టి పాడిన బౌలర్ మర్నాటికి ఎదుటి జట్టులో ఉంటాడు.

ఇక్కడో తమాషా ఉంది. 2021 ఏప్రిల్ 18న యూరప్‌లోని 12 పెద్ద క్లబ్‌లు కలిసి సూపర్ లీగ్ ప్రకటించాయి. వ్యవస్థాపక క్లబ్‌లకు శాశ్వత స్థానం, ఎంత చెత్తగా ఆడినా దిగిపోవడం ఉండదు. అభిమానులు స్టేడియాల ముందు నిరసనకు దిగారు. రెండు రోజులు తిరక్కుండానే ఆరు ఇంగ్లిష్ క్లబ్‌లూ వెనక్కి తగ్గాయి. వాళ్లు ఆపిన ఆ మూసిన తలుపుల లీగ్ పద్ధతి, క్రికెట్ ఫ్రాంచైజీలకు పుట్టుకతోనే ఉంది. డబ్బు పెట్టుబడి వ్యాపారంగా మారిపోయిందని ఫుట్‌బాల్ వదిలి వచ్చేవాళ్లు ఐపీఎల్‌లో అడుగుపెడితే వాళ్లకు దొరికేది అదే.

అందుకే రావాలనుకునేవాళ్లకు ఫ్రాంచైజీ వద్దని, ఒక దేశపు టెస్ట్ జట్టును పట్టుకోమని చెబుతాను. ఆటగాళ్లు వేలంలో అమ్ముడుపోరు. కొత్త కుర్రాడు బెదురుతూ వచ్చి, తడబడి, జట్టులో చోటు పోగొట్టుకుని, మళ్లీ సంపాదించుకోవడం ఏళ్ల తరబడి చూడొచ్చు. అయిదు టెస్టుల సిరీస్ ఏడు వారాల పాటు సాగుతుంది, వారం వారం మ్యాచ్ కోసం ఎదురుచూసే ఫుట్‌బాల్ అలవాటుకు అది దగ్గరగా ఉంటుంది. జట్టును ఎంచుకునే ముందు ఒక సంగతి చూసుకోవాలి. అలాంటి పొడవాటి సిరీస్‌లు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, భారత్ తమలో తాము ఆడుకునేవే. తొలి ప్రపంచ టెస్ట్ చాంపియన్‌షిప్‌ను 2021లో గెలిచిన న్యూజిలాండ్ మీద మనసు పడితే, చాలాసార్లు రెండు మూడు టెస్టులతోనే సరిపెట్టుకోవాలి.